రాత్రి కుటుంబ ప్రార్థన: మామయ్య గారికీ పిల్లలకీ మధ్య నేను నలుగుతున్నాను

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ వందనాలు. మాది బాప్టిస్టు కుటుంబం, అత్తగారి ఊరు ఒంగోలు దగ్గర. అత్తయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళాక మామయ్య గారు మా దగ్గరే ఉంటున్నారు. అప్పటి నుంచీ రాత్రి తొమ్మిదింటికి కుటుంబ ప్రార్థన తప్పదు. నాకూ ఇష్టమే. మా పుట్టింట్లో ప్రార్థన కాకుండా కంచాలు పెట్టేవాళ్ళు కాదు.

చిక్కంతా చదివే పద్ధతితో. బైబిల్లో మొదటిదైన ఆదికాండం నుంచి వరసగా రోజుకో అధ్యాయం, ఒక్కటీ దాటనివ్వరు. లేవీయకాండం 13 వచ్చిన రోజు అన్నాలు తిని కూర్చుంటే యాజకుడు (పూజారి) చూసి తేల్చే కుష్ఠుపొడ గురించి 59 వచనాలు. మూడో తరగతి చదివే మావాడు "తాతయ్యా, యాజకుడంటే స్కిన్ డాక్టరా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. మామయ్య గారి ముఖం చిన్నబోయింది. మొన్న సంఖ్యాకాండం 7. పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు ఒకే రకం అర్పణ తెస్తారు, ప్రతిసారీ జాబితా మొత్తం మళ్ళీ మొదలు. 89 వచనాలు. నాలుగో ప్రధానుడు వచ్చేసరికి వాడు నా ఒళ్ళో నిద్ర.

తర్వాత ఒక కీర్తన పాడతాం, ఆ తర్వాత మామయ్య గారి ప్రార్థన. చీరాలలో ఉన్న ఆడపడుచు మోకాళ్ళ నుంచి దుబాయ్‌లో ఉన్న తమ్ముడి కొడుకు ఉద్యోగం దాకా ఎవరినీ వదలరు. పదో తరగతి చదివే మా అమ్మాయి ఆమేన్ అనీ అనకముందే గదిలోకి పరుగు. ఈ మధ్య తొమ్మిదయ్యేసరికి "తలనొప్పి" అంటోంది. మా ఆయన్ని అడిగితే "నాన్నతో నువ్వే మాట్లాడు, నీ మాటైతే వింటారు" అని తప్పించుకుంటారు. పెద్దాయన మనసు కష్టపెట్టకుండా, పిల్లలు విసుగెత్తి దూరం కాకుండా మీ ఇళ్ళలో ఎలా జరుపుకుంటున్నారు?

గుంటూరు తెలుగు మాస్టారు (రిటైర్డ్):
అమ్మాయీ, ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, పైగా సండే స్కూల్ కూడా. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ కూర్చునే ఏర్పాటు పిల్లల దగ్గర ఎక్కువసేపు నిలవదు. వరుసలో తలా ఒక వచనం చదవండి. తన వంతు ఎప్పుడొస్తుందో అని చూసుకునేవాడికి నిద్ర రాదు.

మామయ్య గారి వరస చదువు మానమనకు. ఆయన తెల్లవారి లేస్తారు కదా, అది పొద్దున్నకి పెట్టుకోమను. రాత్రికి మార్కు సువార్త పట్టండి. నాలుగు సువార్తల్లో చిన్నది, 16 అధ్యాయాలు. సగం అధ్యాయం చాలు. నెల మధ్యలో మార్పు కావాలంటే సామెతల గ్రంథం ఉంది, 31 అధ్యాయాలు, ఏ తేదీకి ఆ అధ్యాయం. బడి తెలుగు వచ్చినా గ్రంథం తెలుగు పిల్లలకు నోరు తిరగదు. బైబిల్లోని కీర్తనల గ్రంథంలో 117వ కీర్తనతో మొదలుపెట్టించు. అది రెండే వచనాలు. చదివేశానన్న ధైర్యం వస్తుంది.

పాట విషయం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకంలో చాలా పాటలకు రాగం, తాళం ఇచ్చి ఉంటాయి. మీ అమ్మాయికి సంగీతం మీద ఆసక్తి ఉంటే దాన్నే ఎంచనివ్వు. ఆ పుస్తకంలో చాలా పాటలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టిన ఒడియా బ్రాహ్మణుడు. క్రైస్తవుడయ్యాక ఇన్ని తెలుగు కీర్తనలు ఎలా రాశాడో తాతగారిని చెప్పమనండి. ఆ రాత్రికి వాక్యధ్యానం అదే అనుకోండి, తప్పులేదు.

ఉపవాస ప్రార్థన బృందం:
ప్రైజ్ ది లార్డ్. మాస్టారూ, దేవుని వాక్యానికి టైమ్ టేబులా? సీరియల్‌కి గంట కూర్చునే పిల్లలు వాక్యానికి అరగంట కూర్చోలేరా? అంతా వాక్యమే, కోతలు పెట్టకూడదు.

గుంటూరు తెలుగు మాస్టారు (రిటైర్డ్):
కోత పెట్టమనలేదు బాబూ, పూట మార్చమన్నాను. నూట డెబ్బయ్యారు వచనాల 119వ కీర్తన మీరు ఒక్క రాత్రిలో పిల్లలతో చదివించి చూడండి, తర్వాత మాట్లాడదాం.

గుణదల అక్క:
మేం కేథలిక్కులం, మా ఇంట్లో జపమాల. అక్టోబరు అంతా తప్పనిసరి, మిగతా నెలల్లో వీలును బట్టి. ఐదు దేవరహస్యాలు (క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టాలు), ఒక్కోదానికి మరియమ్మను వేడుకునే మంగళవార్త జపాలు పది. ఒక్కో రహస్యం ఒక్కొక్కరు నడిపిస్తారు. మా చిన్నది నడిపిస్తుంటే వాళ్ళ నాన్న జవాబు చెప్పాలి, అది దానికి భలే గర్వం. మీ బాబుకీ ఏదో ఒక పని పెట్టండి చెల్లీ, ప్రార్థన అంశాలు అడిగి రాసుకోవడమైనా సరే. ఇంకోటి, మీ వారు కూర్చుంటున్నారా? మీ పోస్టులో ఆయన ఎక్కడా కనపడలేదు.

హాస్టల్ కుర్రాడు:
ఆంటీ, నేను పిల్లల వైపు నుంచి చెప్తా. మా ఇంట్లో ప్రార్థన పొడుగని నాకు చిరాకు లేదు. ప్రార్థనలో తిట్టేవాళ్ళు. "ప్రభువా, ఈ బిడ్డకి ఫోను పిచ్చి వదిలించుము, లెక్కల్లో వచ్చిన మార్కులు నీకు తెలుసు తండ్రీ" అని అందరి ముందు. కళ్ళు మూసుకుని వినాలి, ఎదురు చెప్పడానికి లేదు. ఇంటర్లో నేను తొమ్మిదింటికి ట్యూషన్ పెట్టించుకుంది అందుకే. మీ అమ్మాయి తలనొప్పి వెనక అలాంటిదేమైనా ఉందేమో ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ థాంక్స్. హాస్టల్ బాబూ, నువ్వన్నదే నిజం. "పదో తరగతిలో దీని సోమరితనం తీసివేయుము" అని రోజూ వినాల్సి వస్తోందట. నేను అలవాటుగా ఆమేన్ అంటున్నానేగానీ అది దానికెలా ఉంటుందో పట్టించుకోలేదు.

మామయ్య గారితో కాఫీ ఇచ్చేటప్పుడు మాట్లాడాను. కోపం వస్తుందనుకున్నా, రాలేదు. "సంఖ్యాకాండం నాకు మాత్రం సరదానా అమ్మా" అన్నారు. వాళ్ళ నాన్నగారికి చదువు రాదట. మిషన్ బడిలో అక్షరాలు నేర్చుకున్న కొడుకు రాత్రిపూట లాంతరు దగ్గర చదివితే ఆయన వినేవారట. ఒక అధ్యాయం దాటేస్తే కనిపెట్టలేరు కదా, అందుకని దాటేయడం మోసమని అలవాటైపోయిందట. అక్కడి నుంచి ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గారు, 1878 జూలై 3, వెలుంపల్లిలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మాలు, అన్నీ మళ్ళీ చెప్పారు. (ఒంగోలు వాళ్ళింట కోడలిగా అడుగుపెడితే ఈ అంకె కంఠతా రావాల్సిందే.)

ఇప్పుడు వరస చదువు పొద్దున్నకి మారింది. రాత్రి మార్కు సువార్త, తలా ఒక వచనం. గుణదల అక్కా, మా ఆయన కూడా కూర్చుంటున్నారు, ఫోను టీవీ మీద పెట్టి. మార్కులు, సోమరితనం ప్రార్థనలోకి రావని మామయ్య గారు మనవరాలికి మాటిచ్చారు.

పొడవు మాత్రం తగ్గలేదు. నిన్న దుబాయ్ అయ్యాక మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దాకా వెళ్ళింది. మాస్టారూ, దీనికేదైనా ఉపాయం ఉందా?