ఎలక్ట్రిక్ ట్రిమ్ పెట్టాలా, చేతి లివరు చాలా?

ప్రశ్న (కర్నూలు):
అందరికీ నమస్కారం. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి నాలో ఉన్న కోరిక ఇది. ఊరి బయట రేకుల షెడ్డులో రెండు సీట్ల విమానం కడుతున్నాను. ఇప్పుడు ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే, తోక మీది కదిలే పలక) పని దగ్గరికి వచ్చాను. ట్రిమ్‌కు, అంటే స్టిక్‌ను (విమానాన్ని నడిపే కర్రను) అదేపనిగా పట్టి ఉంచే శ్రమ తగ్గించే ఏర్పాటుకు, లివరు, కేబులు వాడాలా, సర్వో అనే చిన్న మోటార్ బిగించాలా తేల్చుకోలేకపోతున్నాను. స్టిక్ మీద బటన్ నొక్కితే చాలన్నది ఆశ. మోటార్ మొండికేస్తే ఏం చేయాలన్నది భయం.

జవాబు (అనంతపురం):
మీ భయం సరైనదేనండీ. ముందు ఒక్క సంగతి చూసుకోండి. ట్రిమ్ ఒక కొసకు పోయి ఇరుక్కుంటే, ఒంటిచేత్తో స్టిక్ పట్టుకుని నేల మీదికి దిగగలరా? ట్రిమ్ కోసం ఎలివేటర్ వెనక అంచున ఉండే చిన్న పలక, ట్యాబ్, దాని కదలికకు అలా హద్దు పెట్టగలిగితేనే మోటార్ పెట్టండి. వేగం రెట్టింపైతే ట్యాబ్ మీద గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. దిగే వేగంలో తేలికగా అనిపించిన ట్రిమ్మే నిండు వేగంలో చెయ్యి లాగేస్తుంది.

పోయిన వేసవిలో మా షెడ్డులో పరీక్షిస్తుంటే బటన్ వదిలినా సర్వో గుయ్‌మంటూనే ఉంది. నేను చూస్తుండగానే ట్యాబ్ మెల్లగా కొస దాకా పోయి ఆగింది. బటన్ విప్పితే లోపల ఎర్రటి దుమ్ము! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజే ట్రిమ్‌కు విడిగా ఒక ఆంపియర్ బ్రేకర్ పెట్టాను. చేత్తో లాగగలిగే రకం, ఎడమచేతికి అందే చోట. చిన్న సర్వో తీసుకునే కరెంటు అంతకన్నా బాగా తక్కువే. వేగంగా ఎగిరే విమానమైతే మోటార్‌ను నెమ్మదిగా తిప్పే రెగ్యులేటర్ కూడా తప్పదు.

ప్రశ్న (కర్నూలు):
గాలిలో ఉండగా కరెంటే పోతే?

జవాబు (అనంతపురం):
మనం వాడే సర్వోల్లో స్క్రూ ఉంటుంది కనుక ట్యాబ్ ఉన్నచోటే నిలిచిపోతుంది, జారిపోదు. స్టిక్ మీద మిగిలిన బరువు చేత్తో మోయాలి, అంతే. మీ తోక భాగం ఇంకా మూయలేదు కాబట్టి కేబుల్ లాగడం ఇప్పుడు సులువే. ఆటోపైలట్ ఆలోచన లేకపోతే నేను లివరే పెట్టమంటాను.

మోటారే పెడితే మాత్రం, తొలిసారి ఎగిరే ముందు ఒకరిని తోక దగ్గర నిలబెట్టండి. ‘ముక్కు కిందికి’ నొక్కితే ట్యాబ్ పైకి లేవాలి. కిందికి పోయిందంటే తీగలు తారుమారైనట్టే. ట్యాబ్‌ను వేళ్లతో కదిపి చూడండి. వదులుంటే వేగంలో అదురుతుంది, ఎలివేటర్‌నే విరిచేయగలదు.