ఆఫీసులో క్రియేటివిటీ పెంచుకోవడం ఎలా? నిజంగా నేర్చుకుంటే వచ్చేదేనా ఇది?

రాగిసంకటి29:
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ప్రాసెసింగ్‌లో ఆరేళ్ల నుంచి చేస్తున్నా. మొన్న అప్రైజల్‌లో మా మేనేజర్ గారు నీ పనిలో తప్పుల్లేవు, స్పీడ్ కూడా బాగుంది, కానీ కొత్త ఐడియాలు నీ దగ్గర్నుంచి రావట్లేదమ్మా, క్రియేటివిటీ మీద వర్క్ చెయ్యి అన్నారు. ఆయన మంచిగానే చెప్పారు, కానీ ఇంటికొచ్చాక చాలాసేపు బాధగా అనిపించింది. ఎక్సెల్ రాకపోతే కోర్సు చేస్తాం, ఇంగ్లీష్ రాకపోతే రోజూ మాట్లాడి నేర్చుకుంటాం, మరి దీనికి ఏం చెయ్యాలి? నెలకోసారి బ్రెయిన్‌స్టార్మింగ్ మీటింగ్ పెడతారు, అంటే అందరూ కూర్చుని తట్టిన ఐడియాలు చెప్పడం, అందులో నాకు మైండ్ మొత్తం బ్లాంక్ అయిపోతుంది, గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, నాకేమో రాత్రి అంట్లు తోముతుంటే ఏదో ఒకటి తడుతుంది, పొద్దున్నకి గుర్తుండదు. మీలో ఎవరైనా ఇది ప్రాక్టీస్ చేసి పెంచుకున్నవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్. మోటివేషన్ వీడియోలు వద్దండి, చాలా చూశా.

బాలానగర్_ఫిట్టర్:
చెల్లెమ్మా, నేను మెషిన్ షాపులో 22 ఏళ్ల నుంచి చేస్తున్నా. నా మాట ఒక్కటే, ఐడియా కోసం వెతకకు, నీ పనిలో రోజూ ఎక్కడ చిరాకు పుడుతుందో అది వెతుకు. చింతకింది మల్లేశం గారి సంగతి తెలుసు కదా, ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. పోచంపల్లి చీర నేసే ముందు ఆసు పోయాలి, అంటే నూలుని మేకుల చుట్టూ తిప్పి పెట్టాలి, ఒక్క చీరకి దగ్గర దగ్గర 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి, వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పి, ఇంక నా వల్ల కాదు బిడ్డా అనే పరిస్థితి. ఆ పని చేసే మెషిన్ కోసం ఆయన 1992లో మొదలుపెడితే అది పూర్తయింది 1999లో. మధ్యలో ఎంత అప్పు, ఎన్ని మాటలు పడ్డాడో. ఇందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే, చివర్లో ఒక్క కదలిక దగ్గర ఆగిపోయాడు, ఇక్కడే మా బాలానగర్‌లో వేరే పని మీద ఒక యూనిట్‌కి పోతే అక్కడ తిరుగుతున్న మెషిన్‌లో ఆ కదలిక కనబడింది ఆయనకి. ఆ మెషిన్‌ని రోజూ వంద మంది చూస్తుంటారు, కానీ ఏడేళ్ల నుంచి ఆ ప్రశ్న బుర్రలో మోస్తున్నవాడికే అది జవాబులాగ కనబడింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి.

అంత పెద్దది అక్కర్లేదు మనకి. మా షాపులో ప్రెషర్ గేజీలు ఉంటాయి, ఏది ఎంత ఉండాలో పాతవాళ్లకే తెలుసు, కొత్త పిల్లాడు వస్తే ప్రతిసారీ వచ్చి అన్నా ఇది కరెక్టేనా అని అడుగుడు. ఒకరోజు విసుగొచ్చి గేజ్ అద్దం మీద ఉండాల్సిన చోట ఆకుపచ్చ రంగు పట్టీ వేసిన, ముల్లు ఆకుపచ్చలో ఉంటే ఓకే, బయటికి వస్తే పిలువు అని చెప్పిన. నేనేమీ కనిపెట్టలేదు, ఇట్ల చాలా ఫ్యాక్టరీల్లో చేస్తారని తర్వాత తెలిసింది, కానీ మా దగ్గర అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. జేబులో చిన్న బుక్కు పెట్టుకో. ఈరోజు ఏం రెండుసార్లు చేయాల్సి వచ్చింది, ఎవరు ఏం మళ్లీ మళ్లీ అడిగిన్రు, అంతే రాయి. అంట్లు తోమేటప్పుడు తట్టింది కూడా చెయ్యి తుడుచుకుని అప్పుడే రాయి, పొద్దున్నకి అది ఉండదు.

కృష్ణలంక_కాపీరైటర్:
మీటింగ్‌లో బ్లాంక్ అవ్వడం గురించి నేను చెప్తానండి, ఎందుకంటే నా ఉద్యోగమే అది, యాడ్స్ రాయడం. ఈ బ్రెయిన్‌స్టార్మింగ్ అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్‌బోర్న్ అని అమెరికాలో ఒక యాడ్ ఏజెన్సీ ఆయన, 1953లో దాని మీద పుస్తకం కూడా రాశారు. తర్వాత 1958లో యేల్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి చూశారు, నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఐడియాల కన్నా, నలుగురూ ఎవరికి వాళ్లు విడిగా ఆలోచించి రాసినవి కలిపితే అవే ఎక్కువ వచ్చాయి. కారణం కూడా మీకు తెలిసిందే, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు మన ఆలోచన జారిపోతుంది, పైగా ఏమనుకుంటారో అనే భయం ఒకటి. కాబట్టి లోపం మీలో లేదండి, ఆ మాట ముందు మనసులోంచి తీసేయండి. మీ మేనేజర్ గారిని అడగండి, మీటింగ్ మొదట్లో పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కాగితం మీద రాద్దాం, తర్వాత చదువుదాం అని. మా దగ్గర ఇలాగే చేస్తాం, ట్రైనీ రాసింది క్లయింట్ దాకా వెళ్లిన రోజులు ఉన్నాయి.

ఇంకోటి, లెక్క పెట్టుకుని రాయండి. ఒక ట్యాగ్‌లైన్ కావాలంటే నేను నలభై రాస్తా. మొదటి పదిహేను ఎవరైనా రాసేవే, ఇంక నా దగ్గర ఏమీ లేదు అనిపిస్తుంది చూశారా, పని మొదలయ్యేది అక్కడే. ఆ చోట లేచి వెళ్లిపోకుండా కూర్చోవడమే నేను పదేళ్లలో నేర్చుకున్న అసలు స్కిల్లు.

గోదారిగట్టు:
పైన ఇద్దరూ చెప్పింది కరెక్టే కానీ నేను కొంచెం వేరేగా అంటానండి. ఇది మొత్తం ఉద్యోగి మీదే పెట్టేయడం అన్యాయం. 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గారు 1968లో గట్టిగా అంటుకోని జిగురు ఒకటి చేశారు, దాంతో ఏం చెయ్యాలో ఏళ్ల తరబడి ఎవరికీ తెలీలేదు, తర్వాత ఆర్ట్ ఫ్రై అనే ఇంకో ఆయనకి చర్చిలో పాటల పుస్తకంలో పెట్టుకున్న కాగితాలు జారిపోతుంటే ఆ జిగురు గుర్తొచ్చింది, పోస్ట్ ఇట్ అనే అంటించి తీసే చిన్న కాగితాలు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చేసరికి 1980 అయ్యింది. 12 ఏళ్లు! అక్కడ పని టైంలో 15 శాతం సొంత ఆలోచనల మీద పెట్టుకోవచ్చు. మరి రోజుకి ఇన్ని ఫైళ్లు అని టార్గెట్ పెట్టి, నిమిషం ఆగితే అడిగి, ఐడియా ఏదమ్మా అంటే ఎక్కడ్నుంచి వస్తుంది? వారానికి ఒక్క గంట టార్గెట్ లేకుండా ఇవ్వమని మీరు ధైర్యంగా అడగండి.

రాగిసంకటి29:
మూడు వారాల తర్వాత రాస్తున్నా, అందరికీ చాలా థ్యాంక్స్. ఫిట్టర్ అన్నయ్య చెప్పినట్టే బుక్కు పెట్టా. వారం తిరిగేసరికి ఒకటే విషయం తొమ్మిది సార్లు రాసుంది, క్లెయిమ్‌కి ఇంకా కావాల్సిన కాగితాలు అడుగుతూ క్వెరీ లెటర్ పంపితే జనం తప్పు కాగితాలు పంపుతున్నారు, డిశ్చార్జ్ సమ్మరీ, అంటే హాస్పిటల్ నుంచి పంపేటప్పుడు ఇచ్చే చికిత్స వివరాల కాగితం, అడిగితే బిల్లు పంపుతారు, మళ్లీ లెటర్, మళ్లీ పెండింగ్. పాపం వాళ్ల డబ్బులు ఆగిపోతాయి. కరీంనగర్ నుంచి ఒక పెద్దాయన ఫోన్‌లో, ఆ పేర్లు నాకు తెల్వయ్ బిడ్డా, ఏ కాయితమో ఫొటో తీసి పంపియ్, అసొంటిదే ఎతుకుత అన్నాడు. అదే రాసుకున్నా. తర్వాత కాపీరైటర్ గారు చెప్పినట్టు కూర్చుని ఇరవై రకాలుగా ఆలోచించా, చివరికి ఆ పెద్దాయన అడిగిందే చేశా, ఒక్క పేజీ, తెలుగులో, ప్రతి కాగితానికి పేర్లు చెరిపేసిన నమూనా ఫొటో, పక్కన ఇది ఎవరిని అడగాలో, హాస్పిటల్‌లో బిల్లింగ్ కౌంటరా మెడికల్ రికార్డ్స్ వాళ్లా అని. మేనేజర్ గారు చూసి పది కేసులకి పంపి చూద్దాం అన్నారు. గంట మాత్రం ఇవ్వలేదు, అరగంట ఇచ్చారు, శుక్రవారం.

బాలానగర్_ఫిట్టర్:
శభాష్ చెల్లెమ్మా! పంపే ముందు ఒక పని చెయ్యి, ఆ పేజీని ఆ పెద్దాయనకే ముందు పంపి ఫోన్ చెయ్యి. ఫొటో చిన్న ఫోన్‌లో ఆయనకి కనబడుతుందో లేదో అడుగు. కనబడకపోతే కాగితం మొత్తం వద్దు, పైన హెడ్డింగ్ ఉన్న ముక్క ఒక్కటే పెద్దగా చేసి పెట్టు.