నిశ్చితార్థపు ఉంగరానికి ఎమరాల్డ్ కట్ వజ్రం తగినదేనా?

కాబోయే పెళ్ళికొడుకు, హైదరాబాద్:
శ్రావణంలో నాకు నిశ్చితార్థం. దీర్ఘచతురస్రంగా ఉండి మూలలు చెక్కిన ఎమరాల్డ్ కట్ వజ్రమే ఉంగరంలో ఉండాలని పెళ్ళికూతురు కోరుకున్నారు. గుండ్రటి రవ్వ మెరుపు దానికి ఎక్కడ వస్తుందని, అంత డబ్బు పోసి గాజుముక్క కొన్నట్టుంటుందని మా అమ్మ అంటున్నారు. దుకాణంలో రెండూ పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు నాకూ అమ్మ మాటే నిజమనిపించింది. అనుభవమున్నవారు చెప్పగలరు.

రవ్వలపని, ముప్పై ఏళ్ళ అనుభవం:
అమ్మగారు చూసింది నిజమే, అయితే ఆమె చూసింది దుకాణం దీపాల కింద. గుండ్రటి రవ్వకు 57 లేక 58 చిన్న ముఖాలుంటాయి. అవి వెలుతురును తునకలు చేసి చిమ్ముతాయి కనుక పైనుంచి పడే దీపాలు దానికి బాగా కలిసివస్తాయి. ఎమరాల్డ్ కట్‌లో ముఖాలు కోనేటి మెట్లలాగా ఒకదాని కింద ఒకటి పొడవుగా దిగుతాయి కాబట్టి, రాయిని వంచినప్పుడు ఒక మెట్టు మొత్తం ఒక్కసారిగా వెలిగి, పక్క మెట్టు నల్లబడుతుంది. ఆ అందం చూడాలంటే ఉంగరాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతురులో నెమ్మదిగా తిప్పాలి.

అసలు చిక్కు మెరుపులో కాదు, ఈ కట్ ఏదీ దాచుకోలేకపోవడంలో ఉంది. పైముఖం పెద్ద కిటికీలాంటిది. గుండ్రటి రవ్వలో మెరుపు చాటున కలిసిపోయే ఎస్ఐ1 స్థాయి (భూతద్దంలో సులువుగా దొరికే) నల్లచుక్క ఇందులో నడిమధ్యన ఉంటే అద్దం మీద వాలిన ఈగలా కనబడుతుంది. పైగా కింది ముఖాల్లో దాని ప్రతిబింబాలు పడి ఒక్క చుక్క మూడుగా తోచవచ్చు. అందుకే శుభ్రతలో దానికి పై మెట్టైన వీఎస్2 కంటే కిందికి దిగవద్దని నా సలహా. రంగుకు డీ అంటే పూర్తి తెలుపు, తర్వాతి అక్షరాలకు దిగేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది; తెల్లబంగారంలో పొదిగిస్తే జీ దాకా చాలు, పచ్చబంగారంలో అయితే హెచ్, ఐ కూడా నప్పుతాయి.

ఇంకొక మాట. వజ్రాలను పరీక్షించే అమెరికా సంస్థ జీఐఏ ఇచ్చే సర్టిఫికెట్‌లో కట్ గ్రేడ్ గుండ్రటి రవ్వలకు ఇస్తారు. ఎమరాల్డ్ కట్ కాగితంలో ‘ఎక్సలెంట్’ అని కనిపిస్తే అది పాలిష్‌కూ సిమెట్రీకీ సంబంధించినది గానీ చెక్కడంలోని నేర్పుకు కాదు. ఆ నేర్పును కంటితోనే తేల్చుకోవాలి: రాయిని వేలి మీద పెట్టి పైనుంచి చూసినప్పుడు నడుమ చర్మం కనబడిందంటే వెలుతురు కిందికి జారిపోతోందని అర్థం.

గుంటూరు పెద్దమ్మ:
నేను ఒప్పుకోను. మన పాత రత్నశాస్త్రాలు బిందువు (చుక్క), రేఖ (గీత), కాకపాదం (కాకికాలి గుర్తులాంటి మచ్చ) అంటూ వజ్రానికి దోషాలు లెక్కపెట్టాయి. అవి ఎదురుగా నిలబడి కనిపించే రాయిని ఏరికోరి కొనడం ఎందుకు, నాయనా? అదీకాక కారట్‌కు ధర గుండ్రటి దాని కంటే తక్కువంటున్నారు. చవకగా వచ్చేదానిలో ఏదో ఒక లోపం ఉండే ఉంటుంది.

రవ్వలపని:
ధర తగ్గడానికి కారణం లోపం కాదండీ. గుండ్రంగా చెక్కితే ముడిరాయిలో సగానికి పైగా పొడి అయిపోతుంది, మెట్ల చెక్కడంలో అంత పోదు. కొల్లూరు గనుల వజ్రాలు వచ్చిన కాలంలోనూ మనవాళ్ళు బరువు పోకుండా చెక్కడానికే మొగ్గు చూపేవారు. దోషం గురించి మీరన్నది సబబే, కానీ కళ్ళెదుట కనిపించే దోషాన్ని కొనకుండా వదిలేయవచ్చు కదా!

డల్లాస్ పాఠకుడు:
ఇంత శుభ్రమైన సహజవజ్రానికి పోసే డబ్బులో కొద్ది భాగంతోనే ల్యాబ్‌లో పెంచిన వజ్రం వస్తుంది. శుభ్రత మీదే ఆధారపడిన కట్‌కు అదే మేలు కాదా?

రవ్వలపని:
లెక్క సరైనదే. కాకపోతే సీవీడీ అనే, వాయువు నుంచి వజ్రాన్ని పెంచే పద్ధతిలో పొరలుపొరలుగా పెరిగిన కొన్ని రాళ్ళలో సన్నటి గోధుమ ఛాయో, పొగమంచులాంటి మసకో మిగులుతుంది, దాన్నీ ఈ కిటికీ బయటపెడుతుంది. వాటి ధరలు కొన్నేళ్ళుగా పడిపోతున్నాయి కనుక మార్పిడికి తీసుకెళితే ఎంత ఇస్తారో కొనేముందే రాతపూర్వకంగా అడగండి.

కాబోయే పెళ్ళికొడుకు:
నిన్న అమ్మనూ, పెళ్ళికూతురినీ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. మొదట చూపించిన రాయి 1.01 కారట్లది, గుమ్మం దగ్గర నా వేలి గీతలు దానిలోంచి కనబడ్డాయి. రెండవది 0.90 కారట్లది, వీఎస్2 కంటే ఒక మెట్టు శుభ్రమైన వీఎస్1. తిప్పుతుంటే మెట్లు ఒక్కొక్కటిగా వెలిగాయి. అమ్మ చాలాసేపు దాన్ని తిప్పితిప్పి చూసి, దుకాణంవాళ్ళు అడుగుతున్నా తిరిగి ఇవ్వలేదు. సహజవజ్రమే తీసుకున్నాం. పెద్దమ్మగారి మాట గుర్తుపెట్టుకుని భూతద్దంలో నేను మూడుసార్లు చూశాను; అంచున ఒక చిన్న తెల్లచుక్క ఉంది, పొదిగేటప్పుడు అది రాయిని పట్టి ఉంచే బంగారు గోరు కిందికి వచ్చేట్టు చూస్తామన్నారు.

గుంటూరు పెద్దమ్మ:
గోరు కింద దాచేస్తే సరిపోయిందా? సరే, పొదిగిన తరువాత ఫొటో పెట్టు.