వృద్ధ కళాకారుల ఫొటోలు: పనిముట్ల మధ్య కూర్చోబెట్టి తీస్తే అది నిజమా, సెట్టింగా?

పాతకెమెరా:
మొన్న ఒక ఫొటో ప్రదర్శనకి వెళ్లాను. అందరూ డెబ్బై దాటిన కళాకారులే. ఒకాయన వీణ పక్కన, ఒకామె మగ్గం ముందు, ఇంకొకాయన కొయ్యబొమ్మల మధ్య. అందరి చూపూ కిటికీ వైపే! నాలుగో ఫొటోకే విసుగొచ్చింది. అవన్నీ తీసేసి తెల్లగోడ ముందు కూర్చోబెడితే మనిషైనా కనిపిస్తాడు కదా?

కాఫీడికాషన్:
తెల్లగోడ ముందు ఎవరైనా పాస్‌పోర్టు ఫొటోలాగే ఉంటారు. ఫొటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో తీసిన సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ ఫొటో చూడండి. ఆయనకి అప్పుడు 64 ఏళ్లు. ఫ్రేమంతా పైకెత్తిన పియానో మూతే. మనిషి కింద ఎడమ మూలన, తల చేతికి ఆనించుకుని. తీయించుకున్న పత్రికే వద్దంది. ఇప్పుడు స్ట్రావిన్‌స్కీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది అదే.

పాతకెమెరా:
ఆ పియానో ఆయనది కాదండీ! న్యూయార్క్‌లో పత్రిక ఎడిటర్ ఒకరి ఇంట్లోది. అదీ సెట్టింగే అన్నమాట.

నల్లరేగడి:
మాది ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. మా పెదనాయనను ఫొటో తీయడానికి ఒకాయన వచ్చాడు. ఇంటి నిండా ల్యాంప్‌షేడ్లు ఉన్నాయి, మేకతోలువే. మాకిప్పుడు కూడు పెట్టేది అవే. అవన్నీ పక్క గదిలోకి మోయించి, పెదనాయనకు కొత్త పంచె కట్టించి, చేతికి రావణాసురుడి బొమ్మ ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. "తెర ముందర నేనెప్పుడు కూర్చున్నా నాయనా?" అన్నాడు పెదనాయన. నిజమే కదా, బొమ్మలాడించేవాడి చోటు తెర వెనక. జనం చూసేది నీడలనే.

సన్నజాజి:
తెర వెనక తీస్తే ముఖమే పడదు, ఫొటోగ్రాఫర్ కష్టం కూడా చూడండి. కానీ ల్యాంప్‌షేడ్లు దాచడం మాత్రం తప్పే. అసలు కథ అక్కడే ఉంది. 1944లో ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్ ఫ్రాన్స్‌లోని వాన్స్ అనే ఊళ్లో చిత్రకారుడు మాతిస్‌ను తీశాడు. చుట్టూ పక్షి పంజరాలు, ముసలాయన చేతిలో తెల్ల పావురం. అవి ఎవరో తెచ్చి పెట్టినవి కావు, ఆయన పెంచుకున్నవే.

పాతకెమెరా:
నల్లరేగడి గారూ, ల్యాంప్‌షేడ్లతో ఉన్న ఫొటో ఒక్కటైనా ఉందా? అదే నాకు కావలసింది.

నల్లరేగడి:
నేనే ఫోన్లో తీశానండీ. నేల మీద కూర్చుని, దారం కట్టిన కళ్లజోడుతో, ఇనుప చట్రానికి తోలు బిగిస్తుంటాడు. నాకు భలే నచ్చింది. చూపిస్తే తిట్టాడు. "పని చేసుకునేటప్పుడు తీసినావేమిరా, ఒంటి మీద చొక్కా గూడా లేదు." రావణాసురుడితో ఉన్న దానికి మాత్రం ఫ్రేము కట్టించి, దేవుడి పటాల పక్కన తగిలించుకున్నాడు.