యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్‌లకు గైడ్ అవసరమా? మన కారు చాలదా?

నెల్లూరమ్మాయి_డల్లాస్
అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో అమ్మానాన్నలతో కలిసి నాలుగు రోజులు అమెరికాలోని గ్రాండ్ టీటన్, యెల్లోస్టోన్ నేషనల్ పార్కులకు వెళ్తున్నాం. జంతువుల గురించి, రాళ్ల గురించి వివరించే గైడ్‌తో వ్యాన్ టూర్ తీసుకుందామని నేనంటున్నాను. డబ్బు దండగ, కారులోనే తిరుగుదామని మా ఆయన. మనిషికి రోజుకు కొన్ని వందల డాలర్లంటే నలుగురికి చిన్న మొత్తం కాదు. పైగా నాన్నకు మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

కారే_నయం
మీ ఆయన మాటే నా మాట. యెల్లోస్టోన్‌లో మెయిన్ రోడ్డు 8 అంకెలా తిరుగుతుంది, మొత్తం 142 మైళ్లు. చూడాల్సినవి చాలావరకు దాని పక్కనే. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ దాదాపు గంటన్నరకోసారి నీళ్లు చిమ్ముతుంది, ఈసారి ఎప్పుడో అంచనా టైమ్ అక్కడే బోర్డు మీద రాసి ఉంటుంది. రేంజర్లు (పార్కు ఉద్యోగులు) ఉచితంగా వివరిస్తారు, పిల్లలు అడిగినా పెద్దలు అడిగినా ఓపిగ్గా చెబుతారు.

అసలు సంగతి పెద్దవాళ్లది. మా అత్తగారికి మధ్యాహ్నం పెరుగన్నం తిని కాసేపు నడుం వాల్చాలి. బాత్రూమ్‌కి ఆపమని తెలియనివాళ్ల మధ్య అడగలేరు, మొహమాటం. నీళ్లు తాగితే మళ్లీ ఆపమనాల్సి వస్తుందని అసలు తాగడమే మానేస్తారు. అంత ఎత్తైన ప్రాంతంలో అది మంచిది కాదు. సొంత కారైతే ఆ టెన్షన్ ఉండదు.

రాళ్లంటే_ఇష్టం
కారులో చూడొచ్చు, కాదనను. కానీ ఏం చూస్తున్నామో తెలియాలి కదండీ. మొదటిసారి వెళ్లినప్పుడు టీటన్ కొండల ముందు అరగంట ఆగి, ఫొటోలు దిగి వచ్చేశాం. రెండోసారి గైడ్ ఒక్క ప్రశ్న అడిగాడు: "ఈ కొండల ముందు చిన్న గుట్టలు ఎందుకు లేవు?" అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నేల బల్లపరుపుగా వచ్చి, ఒక్కసారిగా కొండ నిలువునా లేస్తుంది. ఆ అంచునే భూమి పగిలింది. ఒకవైపు కొండలు పైకి లేస్తూ, మరోవైపు జాక్సన్ హోల్ లోయ కుంగుతూ వచ్చాయి. కొండలుగా లేచి కోటి ఏళ్లు కూడా కాలేదు. వాటిలోని రాళ్లలో కొన్నిటి వయసు మాత్రం 270 కోట్ల ఏళ్లు. గైడ్ దారి పక్కన నైస్ (gneiss) అనే రకం రాయి ఒకటి తీసి చేతిలో పెట్టాడు. నలుపు, తెలుపు చారలు చీర కుచ్చిళ్లలా మడతలు పడి ఉన్నాయి. చూపించి, మళ్లీ ఉన్నచోటే పెట్టేశాడు.

తిరుమల ఘాట్ రోడ్డు మీద ఎన్నిసార్లు దిగి ఉంటాం! ఆ రోడ్డు పక్కనే పాత గ్రానైట్ మీద కడప క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి) కూర్చున్న గీత ఉంది. ఆ రెంటి వయసుకూ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా. అది జాతీయ భూవిజ్ఞాన స్మారకం. చెప్పేవాళ్లు లేక నలభై ఏళ్లు దాని పక్కనుంచే వెళ్లాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తెల్లారి_నాలుగు
నాది జంతువుల వైపు మాట. యెల్లోస్టోన్‌లోని లామార్ లోయలో తోడేళ్ల కోసం మేం సొంతంగా రెండు ఉదయాలు వెతికాం. బైసన్లు (అక్కడి అడవి దున్నలు) తప్ప ఏమీ కనబడలేదు. మూడో రోజు గైడ్‌తో వెళ్లాం. చీకట్లోనే స్టాండ్ మీద స్కోప్ (దూరదర్శిని) బిగించి, ఎదురుగా కొండవాలు చూపించాడు. నాకు సేజ్ పొదలే కనిపించాయి. స్కోప్‌లో కన్ను పెడితే రెండు నల్లవి, ఒకటి బూడిద రంగుది, పడుకుని ఆవలిస్తున్నాయి. 1926 నాటికి ఈ పార్కులో తోడేళ్లను పూర్తిగా చంపేశారు. 1995, 1996లో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి వదిలారు. ఇప్పుడున్నవి చాలావరకు వాటి సంతానమేనని ఆయన చెబుతుంటే మా నాన్న స్కోప్ వదల్లేదు.

కారే_నయం
బాగానే ఉంది. కానీ ఆ గైడ్లే రేడియోల్లో ఒకరికొకరు చెప్పుకుంటారు. తోడేలు కనబడిందంటే పది నిమిషాల్లో రోడ్డు పక్క జాతర. దానికి దారి దాటాలని ఉన్నా దాటలేని పరిస్థితి. మనకు దగ్గరగా చూడాలన్న ఆశ, దానికి అది ఇబ్బంది. నేను ఇది కళ్లారా చూశాను, బాధేసింది.

తెల్లారి_నాలుగు
గుంపు సంగతి నిజమే. కానీ మా గైడ్ 100 గజాల నిబంధనకు చాలా ఎడంగా, మైలు దూరం నుంచే చూపించాడు. ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజాలు, బైసన్, ఎల్క్‌లకు (పెద్ద దుప్పులకు) 25. సొంత కార్లలో వచ్చి, ఫోన్ పట్టుకుని బైసన్ ముందుకు నడిచినవాళ్లనే నేను ఎక్కువ చూశాను. అది గంటకు 35 మైళ్ల వేగంతో పరిగెత్తగలదు. చూడ్డానికి మన గేదెలా మందంగా ఉంటుంది, మోసపోకండి.

మోంటానా_స్టూడెంట్
నేను యెల్లోస్టోన్‌కి దగ్గర్లోనే చదువుతున్నాను. గైడ్లందరూ ఒకటి కాదు. కొందరు డ్రైవర్లే, జోకులు చెప్పి దింపేస్తారు. బుక్ చేసే ముందు మూడు విషయాలు అడగండి: పార్కు అనుమతి ఉందా, ఆ రోజు వచ్చేది జీవశాస్త్రం చదివినవాళ్లా లేక భూగర్భశాస్త్రం చదివినవాళ్లా, వాళ్లతో స్కోప్‌లు ఎన్ని ఉంటాయి.

యెల్లోస్టోన్‌లోని గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే పెద్ద వేడినీటి బుగ్గను మాత్రం గైడ్ లేకుండా చూసినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. మధ్యలో నీలం, అక్కడ నీళ్లు మరీ వేడి. అంచుల్లో పసుపు, నారింజ రంగులు వేడిని తట్టుకునే సూక్ష్మజీవులవి. 1960లలో థామస్ బ్రాక్ ఈ పార్కు వేడినీటి బుగ్గల్లోనే ఒక బ్యాక్టీరియాను కనుక్కున్నారు. దాన్నుంచి తీసిన ఎంజైమే తర్వాత పీసీఆర్ పరీక్షలకు ఆధారమైంది. కోవిడ్‌లో మనందరికీ తెలిసిన ఆ పరీక్షే. మీ అమ్మగారికి చెప్పండి, ఆ రంగులు వేరేగా కనిపిస్తాయి. చెక్క వంతెన దిగి మాత్రం ఎవరినీ నడవనివ్వకండి, కింద నేల పలచటి పెంకు.

నెల్లూరమ్మాయి_డల్లాస్
మా ఆయనకు అన్నీ చదివి వినిపించాను. లామార్‌కి ఒక ఉదయం, టీటన్‌లో ఒక పూట గైడ్, మిగతాదంతా కారు. ఆయన ఇంకా టీటన్ దగ్గర బేరమాడుతున్నారు. స్కోప్ దగ్గర నాన్న కూర్చుని చూడొచ్చా? గంటసేపు నిలబడలేరు.

తెల్లారి_నాలుగు
చూడొచ్చు. స్టాండ్ ఎత్తు తగ్గిస్తారు, మడత కుర్చీ తెమ్మని ముందే చెప్పండి. సెప్టెంబర్ తెల్లవారుజామున అక్కడ గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. మీ నాన్నగారికి మంకీ క్యాప్, చేతులకు గ్లవ్స్ మర్చిపోకండి.