షాపు సిస్టమ్ విండోస్ 11కి పనికిరాదంట. పగలు అను ఫాంట్లు, రాత్రి గేములు. ఏం చెయ్యమంటారు?

తెనాలి_డీటీపీ:

మా నాన్నగారిది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, పరీక్షలప్పుడు స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు. ఉన్నది ఒక్కటే సిస్టమ్. పగలంతా దాని మీద నాన్న పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో మేటర్ కొడుతుంటారు. షట్టర్ దించాక నాది.

ఐ5 7400, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ, 240 జీబీ ఎస్ఎస్‌డీ, ఒక పాత 1 టీబీ హార్డ్‌డిస్క్. ఉన్నది విండోస్ 10.

2025 అక్టోబర్ 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కదా. 11కి వెళ్దామని బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగులు) పీటీటీ, అంటే ఇంటెల్ ఇచ్చే టీపీఎం, ఆన్ చేశాను. 11 అడిగే ఆ సెక్యూరిటీ సదుపాయం, టీపీఎం 2.0, ఉందనే చూపిస్తోంది. అయినా చెకింగ్ యాప్ ప్రాసెసర్ దగ్గర ఎర్ర గుర్తు పెట్టి కూర్చుంది. ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచే అంట. మాది ఏడు!

ఆడేవి: సీఎస్2, జీటీఏ 5, ఫ్రెండ్స్ పిలిస్తే వాలరెంట్, ఆదివారాలు తమ్ముడితో క్రికెట్ 07 (నవ్వకండి, మా వీధిలో ఇప్పటికీ అదే నడుస్తోంది).

ఒకడు విండోస్ బదులు ఫ్రీగా దొరికే లినక్స్ మింట్ వేసెయ్ అంటాడు. ఇంకొకడు రూఫస్ అనే టూల్‌తో చెకింగ్ దాటించి 11 ఎక్కించేద్దాం అంటాడు. నాన్నేమో "నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకురా" అంటారు. ముగ్గురి మాటా సబబుగానే ఉంది, అదే నా తలనొప్పి.

హన్మకొండ_అన్న:

తమ్మీ, ముందుగాల ఒక్క ముచ్చట అర్థం చేస్కో. ఏ ఓఎస్ వెయ్యాల్నో డిసైడ్ చేసేది నువ్వు కాదు, నువ్వు ఆడే గేము. ఇంకా గట్టిగ చెప్పాలంటే ఆ గేముల ఉన్న యాంటీ చీట్, అంటే మోసం చేసి ఆడేటోళ్ళను పట్టే సాఫ్ట్‌వేర్. లినక్స్ మంచిదా విండోస్ మంచిదా అని కొట్లాడుడు టైమ్ వేస్ట్.

నీ లిస్టే తీస్కుందాం. సీఎస్2 అంటే, స్టీమ్ అనే గేముల దుకాణం నడిపే వాల్వ్‌వాళ్ళ సొంత గేము, లినక్స్‌కి సపరేట్‌గ ఇచ్చిన్రు, రంది లేదు. జీటీఏ 5 స్టోరీ మోడ్ ప్రోటాన్ (విండోస్ గేములను లినక్స్‌ల నడిపేది) మీద మంచిగ నడుస్తది. ఆన్‌లైన్ మాత్రం మర్చిపో. 2024 సెప్టెంబర్‌ల బ్యాటిల్‌ఐ అనే యాంటీ చీట్ పెట్టిన్రు, ఆనాటి నుంచి లినక్స్ వాళ్ళకు, లినక్స్ మీద నడిచే వాల్వ్ చేతి మెషీన్ స్టీమ్ డెక్ ఉన్నోళ్ళకు గుడ తలుపులు బంద్. కోపం వచ్చేది ఏడంటే, మేం ప్రోటాన్ మీద నడుస్తం అని బ్యాటిల్‌ఐ వాళ్ళు 2021లనే చెప్పిన్రు. గేము కంపెనీ మాకు కావాలె అని అడిగితే చాలు. అంటే చేతగాక కాదు, వద్దనుకున్నరు.

వాలరెంట్‌ది వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్. అది విండోస్ కెర్నెల్‌ల, అంటే సిస్టమ్ గుండెకాయల, కూసుంటది, లినక్స్ మీద ఎట్ల జేసినా రాదు. యూట్యూబ్‌ల ఎవడన్న వస్తది అని చూపిస్తే ఆ వీడియో బంద్ చెయ్.

ప్రోటాన్ అంటే ఎమ్యులేటర్, అంటే వేరే మెషీన్‌ను నకలు చేసేది, అనుకుంటరు చాలామంది. కాదు. 2018 ఆగస్టుల వాల్వ్ ఇచ్చింది, కింద ఉండేది విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌ల నడిపే వైనే. గేము డైరెక్ట్3డీ భాషల అడిగినదాన్ని డీఎక్స్‌వీకే అనేది వల్కన్ అనే ఇంకో గ్రాఫిక్స్ భాషలకు మార్చి గ్రాఫిక్స్ కార్డుకు ఇస్తది. అందుకే నీ 1050 టీఐ అసొంటి కార్డు మీద గుడ ఆడొచ్చు. కొత్త గేము ఫస్ట్ టైమ్ తెరిచినప్పుడు షేడర్లు (గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు) తయారుచేస్కుంటు కొంచెం సతాయిస్తది, కంగారువడి తీసెయ్యకు. క్రికెట్ 07ను స్టీమ్‌ల బయటి గేముగ యాడ్ చేసి ప్రోటాన్ పెట్టు, గట్లాంటి పాత డైరెక్ట్‌ఎక్స్ గేములకు అది మస్తు పనికొస్తది.

రూఫస్‌తోని 11 ఎక్కించుడు అయితది. కానీ షాపు సిస్టమ్ మీద నేనైతే చెయ్య. లిస్టుల లేని మెషీన్లకు అప్‌డేట్లు వస్తయని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ వాళ్ళే రాసి పెట్టిన్రు. ఏటా వచ్చే కొత్త వెర్షన్ మళ్ళ చేత్తోని ఎక్కించుకోవాలె. రేపొద్దుగాల పెళ్ళోళ్ళు ప్రూఫ్ చూస్తమని వచ్చి కుర్చీల కూసున్నప్పుడు అది మొండికేస్తే ఏం చెప్తవ్?

మణికొండ_నైట్‌షిఫ్ట్:

వాలరెంట్ సంగతి కొంచెం విడమర్చి చెప్పాలనిపించింది, నా ఉద్యోగం ఆఫీసు ల్యాప్‌టాప్‌ల సెక్యూరిటీ చూడటమే కాబట్టి.

2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం స్క్రీన్‌తో పడిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు అందరూ చూసే ఉంటారు. వైరస్ కాదు, దాడి కాదు. కెర్నెల్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ చదివిన ఒక ఫైలు తేడా కొట్టింది, అంతే. మామూలు ప్రోగ్రామ్ పడిపోతే దాన్ని మూసి మళ్ళీ తెరుస్తాం. కెర్నెల్‌లో ఉన్నది పడిపోతే మొత్తం సిస్టమ్ దానితోపాటే పడుతుంది.

వాన్‌గార్డ్ కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. పైగా గేము తెరిచినప్పుడు కాదు, సిస్టమ్ బూట్ అయ్యేటప్పుడే లోడవుతుంది. గడియారం పక్క ఐకాన్ మీద నొక్కి ఆపెయ్యొచ్చు, కానీ తర్వాత వాలరెంట్ ఆడాలంటే మళ్ళీ రీస్టార్టే. అంటే మీ నాన్నగారు పొద్దున్నే వినాయకుడి బొమ్మ పెట్టి శుభలేఖ మొదలుపెట్టే సమయానికి కూడా అది లోపల మెలకువగానే ఉంటుంది. ఆడుకోడానికి వచ్చిన కుర్రాడికి ఇంటి తాళాలగుత్తి ఇచ్చి ఉంచినట్టు. చీటింగ్‌గాళ్ళని పట్టాలంటే అంత లోతు కావాలని వాళ్ళంటారు, అదీ ఒప్పుకోవాల్సిందే. యాంటీ చీట్ వదులుగా ఉంటే ఆ గేములో గోడల్లోంచి చూసి కాల్చేవాళ్ళే మిగులుతారు. కానీ మీ షాపులో జనం ఆధార్ కాపీలు కూడా తీయించుకుంటారు కదా? నా వోటు మాత్రం ఆ సిస్టమ్ మీద వాలరెంట్ వద్దనే.

ఇంకో మాట. స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 3 శాతం దాటిందే 2025 అక్టోబర్‌లో. కంపెనీలు ఎందుకు పట్టించుకోవో అక్కడే అర్థమవుతుంది. పెరిగినదాంట్లో స్టీమ్ డెక్ చలవే ఎక్కువ అని నా అనుమానం.

డాలస్_సుబ్బు:

ఇంత చర్చ దేనికండీ. మెషీన్ పాతదైపోయింది, కొత్తది కొనెయ్యండి. 11 వస్తుంది, అన్ని గేములూ వస్తాయి, జీటీఏ 6కీ పనికొస్తుంది.

తెనాలి_డీటీపీ:

సుబ్బు గారూ, మీరు అక్కడ ర్యామ్ రేట్లు చూడలేదనుకుంటా. ఏఐ డేటా సెంటర్లకి అమ్మితేనే లాభమని మెమరీ కంపెనీలన్నీ అటే పరిగెడుతున్నాయి. మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో క్రూషియల్ బ్రాండే మూసేస్తున్నామని ప్రకటించింది. మేం ర్యామ్ స్టిక్ అంటే గుర్తొచ్చేదే ఆ పేరు. గుంటూరులో కొత్త సిస్టమ్‌కి కొటేషన్ అడిగితే "ఇవాళ్టికే ఈ రేటు, రేపు మళ్ళీ అడగండి" అన్నాడు షాపతను. బంగారం కొట్లో కూడా అంత కచ్చితంగా చెప్పరు. ఇక జీటీఏ 6 అంటారా, 2026 నవంబర్ 19 అని చెప్పింది పీఎస్5కి, ఎక్స్‌బాక్స్‌కి మాత్రమే. పీసీకి డేటే ఇవ్వలేదు.

హన్మకొండ అన్నా, మీరు చెప్పింది అర్థమైంది. వాలరెంట్ వదిలేస్తాను, ఎటూ అందులో అన్నిటికన్నా కింది ర్యాంకు ఐరన్ దాటలేదు. రెండు సందేహాలు. ఒకటి, విండోస్ 10ని నెట్ లేకుండా ఉంచి నాన్న పని వరకూ వాడుకుంటే సరిపోతుందా? కుదరదేమో అనిపిస్తోంది, ఎందుకంటే ఫొటోలు, మేటరు అన్నీ వాట్సాప్ వెబ్‌లోనే వస్తాయి. కొందరైతే పెన్‌డ్రైవ్ తెచ్చి నేరుగా గుచ్చేస్తారు. రెండు, లినక్స్‌లోనే అను నడిపించే దారేమన్నా ఉందా?

హన్మకొండ_అన్న:

రెండోది ముందు చెప్త. అను విండోస్ కోసం చేసింది, మీ నాన్న చేతివేళ్ళు ఆ కీబోర్డుకు అలవాటైనయ్. పని నడిచే టైమ్‌ల దాన్ని వైన్ మీద పెట్టి ప్రయోగాలు చెయ్యకు. నీకు గట్లనే ఉబలాటం ఉంటే లినక్స్‌ల వర్చువల్‌బాక్స్ పెట్టి అండ్ల విండోస్ వెయ్యొచ్చు. కానీ ఉన్నది 8 జీబీ. దానికి సగం ఇస్తే ఫొటోషాప్ నీలుగుతది, పెళ్ళికొడుకు ఫొటో కటింగ్ చేసే లోపట చాయ్ తాగి రావచ్చు. వద్దు.

ఇగ నెట్ లేకుంట ఉంచుడు మీకు కుదరదు, నువ్వే కరెక్ట్ చెప్పినవ్. వాట్సాప్ లేని డీటీపీ షాపు ఏడుంది ఇప్పుడు? అందుకే ఈఎస్‌యూ, అంటే విండోస్ 10కి ఇంకొన్నాళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ స్కీము, తీస్కో. సెట్టింగ్స్‌ల విండోస్ అప్‌డేట్ పేజీల ఎన్‌రోల్ అని ఉంటది. విండోస్ 10ల 22హెచ్2 అనే వెర్షన్ ఉండాలె. 30 డాలర్లకు సరిపడ పైసలు కట్టొచ్చు, లేదంటే మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు 1000 ఇయ్యొచ్చు, లేదంటే సెట్టింగులు వాళ్ళ క్లౌడ్‌కు బ్యాకప్ పెడ్తే ఫ్రీ. ఏ దారైనా మనకాడ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని సైన్ ఇన్ తప్పదు. 2026 అక్టోబర్ 13 దాక సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తయ్. ఆ లోపట ర్యామ్ రేట్లు దిగితె కొత్తది చూస్కోవచ్చు.

ఈలోపు మీ నాన్న పాత ఫైల్స్ అన్ని బయటి హార్డ్‌డిస్క్‌లకు కాపీ కొట్టు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లల ఒక్కతీరుగ చదివే పద్ధతి) కాదు గద. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌ల తెరిస్తే 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి' ఉన్నకాడ ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు కనవడ్తయ్. ఫైల్స్‌తోపాటు ఫాంట్ల ఫోల్డర్ గుడ దాచిపెట్టు.

నీ గేములకు వేరే ఎస్ఎస్‌డీ ఒకటి సంపాదించు, చిన్నదైనా పర్వాలేదు, దాని మీద మింట్ 22 వెయ్యి. 2029 దాక సపోర్ట్ ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ ఉన్న డిస్కుల సాటా కేబుల్ పీకెయ్. అప్పుడు ఏ డ్రైవ్ ఫార్మాట్ అయితదో అని గుండె పట్టుకునే పనే ఉండదు. స్టీమ్ లైబ్రరీని పాత హార్డ్‌డిస్క్‌ల ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్కు ఫార్మాట్) మీద పెట్టకు, ప్రోటాన్‌కు దాంతోని పడదు. కొత్త డిస్కు మీద లినక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లనే పెట్టు. విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ బంద్ చెయ్, లేకుంటే లినక్స్‌లకెల్లి ఆ డ్రైవులు చదువుడే తప్ప రాసుడు రాదు.

మణికొండ_నైట్‌షిఫ్ట్:

గడియారం సంగతి కూడా చెప్పండి. రాత్రి లినక్స్ వాడి పొద్దున విండోస్ తెరిస్తే టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి పోయి కనిపించొచ్చు. బోర్డు మీది గడియారాన్ని లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైమ్)లో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. లినక్స్‌లో లోకల్ టైమ్ వాడమని ఒక కమాండ్ ఇస్తే సర్దుకుంటుంది.

తెనాలి_డీటీపీ:

నాన్నకి విషయం చెప్పాను. అకౌంట్ అనగానే "పాస్‌వర్డ్ కొట్టాలా? నేను పొద్దున్నే స్విచ్ వేసి దండం పెట్టుకుని కూర్చుంటాను, నాకు పాస్‌వర్డులు చెప్పకు" అన్నారు. నాలుగంకెల పిన్ దగ్గర రాజీ పడ్డారు, అదీ షాపు ఫోన్ నంబర్ చివరి నాలుగంకెలే కావాలంట. ఎస్ఎస్‌డీ ఈ వారం తెస్తాను.

హన్మకొండ_అన్న:

ఆ నంబర్ షాపు బోర్డు మీద ఉంటది గదరా, వేరేది పెట్టు. ఇంకోటి, బయోస్‌ల బూట్ ఆర్డర్ విండోస్ డిస్కే ఫస్ట్ ఉంచు. నువ్వు ఆడాలనుకున్నప్పుడు బూట్ మెనూ నొక్కి మింట్ డిస్కు ఎంచుకో. పొద్దుగాల గిరాకీ ముందట మీ నాన్నకు మింట్ లోగో కనవడ్డదనుకో, నా పేరు మాత్రం చెప్పకు.