వై-ఫై మొత్తం మార్చేటప్పుడు పాత వెండరేనా, కొత్తవాళ్లా?

అడిగినవారు
ఆఫీసు, గోడౌన్ కలిపి మూడొందల దాకా యాక్సెస్ పాయింట్లు (ఏపీలు, అంటే వై-ఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) ఉన్నాయి. వాటన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే కంట్రోలర్‌కి కంపెనీ సపోర్ట్ అయిపోతోంది. పాత వెండర్ మళ్లీ కంట్రోలరే ఇస్తామంటున్నాడు, కొత్త వెండర్ అంతా క్లౌడ్ (ఇంటర్నెట్‌లోని తన సర్వర్ల నుంచే నిర్వహణ) అంటున్నాడు. రేట్లు దాదాపు ఒకటే. టీమ్ సగం ఇటు, సగం అటు. మీరైతే ఏం చేస్తారు?

కంట్రోలర్ పక్షం
పాతవాళ్లతోనే ఉండండి. లాగిన్ పాలసీలు, అలర్టులు, రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి, అన్నీ ఆ పద్ధతికి అలవాటుపడి ఉంటాయి. క్లౌడ్‌లో లైసెన్స్ గడువు దాటితే కొందరి దగ్గర డాష్‌బోర్డ్ (నిర్వహణ తెర) ఒక్కటే పోతుంది, కొందరి దగ్గర గ్రేస్ పీరియడ్ తర్వాత వై-ఫైయే ఆగిపోతుంది. కొటేషన్‌లో ఈ ముక్క రాయరు.

క్లౌడ్ పక్షం
కంట్రోలర్ కొన్నా ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ అంటగడుతూనే ఉన్నారు, కాబట్టి లైసెన్స్ భయం రెండువైపులా ఉంది. ఇంటర్నెట్ తెగితే అంతా ఆగుతుందన్నది కూడా సగం నిజమే. సాధారణంగా డేటా క్లౌడ్‌కి వెళ్లదు, లోపలి ట్రాఫిక్ నడుస్తుంది. లాగిన్ సర్వర్ కూడా క్లౌడ్‌లో ఉంటే మాత్రం కొత్తగా ఎవరూ ఎక్కలేరు. అది అడిగి తెలుసుకోండి.

ఇక పాత వెండర్ మీద నమ్మకం అంటారా? వై-ఫై కంపెనీ అరూబాను 2015లో హెచ్‌పీ కొంది. క్లౌడ్ వై-ఫై కంపెనీ మిస్ట్‌ను 2019లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ జూనిపర్ కొంది. ఆ జూనిపర్‌ను 2025లో, హెచ్‌పీ నుంచి విడిపోయిన హెచ్‌పీఈ కొనేసింది. మనం కదలకపోయినా వెండరే చేతులు మారుతున్నాడు.

గోడౌన్ అనుభవం
మీ ఇద్దరి గొడవ ఆఫీసు వరకే. గోడౌన్‌లో మాట చెల్లేది బార్‌కోడ్ స్కానర్‌ది. ఏ ఏపీకి ఎప్పుడు మారాలో చివరికి తేల్చుకునేది క్లయింటే (అంటే వై-ఫై వాడే పరికరమే), ఏపీ సలహా మాత్రమే ఇవ్వగలదు. పాత స్కానర్లు కొన్ని 802.11ఆర్ (ఒక ఏపీ నుంచి మరోదానికి త్వరగా మారే పద్ధతి) ఆన్ చేస్తే అసలు కనెక్టే కావు.

అందుకే ఇద్దరు వెండర్లతోనూ పీఓసీ (కొనేముందు మన దగ్గరే పెట్టి చూసే పరీక్ష) పెట్టించండి. మీ దగ్గరున్న అతి పాత స్కానర్‌లో పింగ్ (కనెక్షన్ ఉందో లేదో వరుసగా చూసే పరీక్ష) ఆన్ చేసి, సరుకు నిండిన ర్యాకుల మధ్య ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. నీళ్ల సీసాల పాలెట్లు ఉన్న వరుస అయితే మరీ మంచిది, నీరు సిగ్నల్‌ను మింగేస్తుంది. పింగ్ ఎక్కడ పోయింది, ఎంతసేపటికి తిరిగొచ్చింది రాసుకోండి. ఖాళీ ర్యాకుల మధ్య డెమో ఇస్తే అందరూ బంగారమే!

అడిగినవారు
మరి కొత్త తరం వై-ఫై 7 ఇప్పుడే తీసుకోవచ్చా? ఇద్దరూ అదే అంటగడుతున్నారు.

గోడౌన్ అనుభవం
సర్టిఫికేషన్ 2024 జనవరిలోనే మొదలైంది, కాబట్టి మరీ కొత్తదేం కాదు. కానీ అది వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో డబ్ల్యూపీఏ3 (కొత్త భద్రతా పద్ధతి) తప్పనిసరి, పాత పరికరాలకు ఆ బ్యాండే అందదు. దాని సిగ్నల్ దూరమూ తక్కువ, పాత ఏపీ తీసి అదే చోట కొత్తది బిగిస్తే చాలదు, సిగ్నల్ సర్వే మళ్లీ చేయించాలి. ఏపీలకు కేబుల్‌లోనే కరెంటు ఇచ్చే నెట్‌వర్క్ స్విచ్చులు కూడా చూసుకోండి. వాటిలో పాత 802.3ఏఎఫ్ ప్రమాణం పోర్టు ఇచ్చేది 15.4 వాట్లే. అంత తక్కువ కరెంటుతో పెద్ద ఏపీలు రేడియోలు తగ్గించుకునో ఆపేసుకునో నడుస్తాయి. స్విచ్చుల ఖర్చు కలిపాక ఆ 'ఒకటే రేటు' ఉంటుందో లేదో చూడండి.

కంట్రోలర్ పక్షం
పీఓసీకి ఒప్పుకుంటాను. కానీ స్కానర్ ఒక్కటే కాదు, మీ లాగిన్ పాలసీ కూడా అందులో పెట్టి చూడండి. ఏపీలు మార్చడం తేలిక, మార్చాక నెలలు తినేది అదే.

అడిగినవారు
సరే, ఇద్దరినీ గోడౌన్‌లోనే పరీక్ష పెడతాం. లైసెన్స్ గడువు దాటితే ఏమవుతుందో ముందే రాతపూర్వకంగా అడుగుతున్నాం. రాసివ్వనివాళ్లతో పీఓసీ కూడా పెట్టం.